ఆయుష్షు పెంచుతాయంటున్న మందులు: ఎవరికి ఏది, ఎవరికి ఏదీ వద్దు

అమెరికా నుంచి సెలవులకు వచ్చే పిల్లలు అమ్మానాన్నలకు తెచ్చే సామాన్లలో ఈమధ్య ఎన్‌ఎంఎన్ అనే సప్లిమెంట్ డబ్బా కూడా ఉంటోంది. ఇక్కడ యాభై దాటినవాళ్లు కొందరు షుగర్ లేకపోయినా "మెట్‌ఫార్మిన్ వేసుకుంటే ముసలితనం ఆలస్యమవుతుందట కదా" అని డాక్టర్లను అడుగుతున్నారు. ఇంకాస్త లోతుగా చదివేవాళ్ల నోట కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్లకు ఇచ్చే రాపమైసిన్ పేరు వినిపిస్తోంది. ఖర్చేమీ లేని దారి ఉపవాసం ఎలాగూ ఉంది. వీటిలో ఏది మంచిదని అడిగితే అందరికీ సరిపోయే ఒకే జవాబు దొరకదు. నలభై అయిదేళ్ల వయసులో పొట్ట పెరిగి, షుగర్ బోర్డర్‌లో ఉన్న మనిషికి మేలు చేసేదే, డెబ్బై రెండేళ్ల వయసులో బక్కచిక్కిన అమ్మకు కీడు చేయవచ్చు. అందుకే మందు పేరు చూసి కాకుండా, వేసుకునే మనిషిని చూసి ఎంచుకోవాలని నా గట్టి నమ్మకం. అలా ఎందుకు అంటున్నానో అర్థం కావాలంటే ముందు కణం లోపల జరిగేది కొంచెం తెలియాలి.

కణానికి తిండి కబురు ఎలా అందుతుంది

మనం తిన్న సంగతి కణానికి మూడు నాలుగు దారుల్లో తెలుస్తుంది. మొదటిది ఇన్సులిన్, దానికి దగ్గరి బంధువైన ఐజీఎఫ్-1. 1993లో సింథియా కెన్యన్ బృందం ఒక సన్నని నేల పురుగులో ఈ దారికి సంబంధించిన డాఫ్-2 అనే ఒక్క జన్యువు బలహీనపడితే ఆ పురుగు రెట్టింపు కాలం బతుకుతుందని చూపింది. ముసలితనం అంటే యంత్రం అరిగిపోవడం లాంటిదేనని, దాన్ని ఎవరూ ఆపలేరని అనుకుంటున్న రోజుల్లో ఇది పెద్ద సంచలనం.

రెండోది ఎంటార్ అనే ప్రోటీన్. దీన్ని ఇల్లు కట్టే మేస్త్రీతో పోల్చవచ్చు. ఇటుక, సిమెంటు, డబ్బు అన్నీ అందుబాటులో ఉన్నాయని తెలిస్తే గోడ లేపుతాడు. సామాను అయిపోతే కొత్త పని ఆపి, పాత చెత్త తీయించి, అందులో పనికొచ్చేది ఏరి వాడుకుంటాడు. కణంలో ఆ ఏరివేతను ఆటోఫజీ అంటారు. తిండిలోని అమైనో ఆమ్లాలు, ముఖ్యంగా ల్యూసిన్, ఆర్జినిన్ ఉన్నాయా లేదా అని చూసి, ఇన్సులిన్ సంకేతాన్ని కూడా కలుపుకొని ఎంటార్ ఈ నిర్ణయం తీసుకుంటుంది.

మూడోది ఏఎంపీకే అనే ఎంజైము. కణంలో శక్తి తగ్గినప్పుడు మేలుకొని, ఎంటార్‌ను అణిచి, నిల్వలను కరిగించమని చెబుతుంది. ఇది కొలిచేది కణం శక్తిని దాచుకునే అణువు ఏటీపీ ఎంత ఉంది, అది ఖర్చయ్యాక మిగిలే ఏఎంపీ ఎంత ఉంది అన్నది. ఆ ఏటీపీని 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి వేరుచేసినవాడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఈ రంగం గురించి తెలుగులో రాస్తూ ఆయన పేరు తలచుకోకుండా ఉండలేను. నాలుగోది సిర్టుయిన్లు అనే ఎంజైములు. వీటికి ఎన్ఏడీ అనే అణువు కావాలి. వయసుతోపాటు చాలా కణజాలాల్లో అది తగ్గుతుంది, దాన్ని మళ్లీ పెంచుతుందనే ఎన్‌ఎంఎన్‌ను అమ్ముతున్నారు. ఎన్‌ఎంఎన్ వ్యాపారమంతా ఈ ఒక్క మాట మీదే నిలబడింది.

ఇక్కడ గుర్తుపెట్టుకోవలసింది ఒకటుంది. ఎంటార్ చెడ్డది కాదు. కండ పెరగాలన్నా, గాయం మానాలన్నా, టీకా వేశాక రోగనిరోధక కణాలు పెరగాలన్నా అదే కావాలి. రోజంతా ఏదో ఒకటి తింటూ, కదలకుండా కూర్చునే మనిషిలో అది ఎప్పుడూ పనిచేస్తూనే ఉండటం ఒక సమస్య. ముసలివాళ్ల కండల్లో అది తిండికి సరిగా స్పందించకపోవడం దానికి పూర్తిగా ఎదురు సమస్య. ఒకే మందు ఈ రెండింటికీ ఎలా సరిపోతుంది?

ఎలుకల పరీక్షలో ఏది నెగ్గింది

అమెరికా ప్రభుత్వపు వృద్ధాప్య పరిశోధన సంస్థ ఒక పరీక్షా కార్యక్రమం నడుపుతోంది. ఒకే మందును మూడు చోట్ల, అంటే జాక్సన్ లాబొరేటరీ, మిషిగన్ విశ్వవిద్యాలయం, శాన్ ఆంటోనియోలోని టెక్సస్ విశ్వవిద్యాలయ కేంద్రంలో, ఒకే పద్ధతిలో చిట్టెలుకలకు ఇస్తారు. అన్నీ ఒకే పోలిక జన్యువులున్నవి కాకుండా కలగలుపు సంతతి ఎలుకలను తీసుకుంటారు. ఒక ల్యాబ్‌లో అనుకోకుండా వచ్చిన ఫలితం మిగతా రెండు చోట్ల నిలవదు కాబట్టి, ఈ రంగంలో నేను ఎక్కువగా నమ్మేది దీని ఫలితాలనే.

2009లో వాళ్లు రాపమైసిన్ ఫలితం ప్రకటించారు. మందును మేతలో చెడిపోకుండా కలపడం కుదిరేసరికి ఆలస్యమై, ఎలుకలకు 600 రోజుల వయసు వచ్చాక మొదలుపెట్టాల్సి వచ్చింది. మనిషి లెక్కలో అది దాదాపు అరవై. అయినా గరిష్ఠ ఆయుష్షు ఆడవాటిలో 14 శాతం, మగవాటిలో 9 శాతం పెరిగింది. తర్వాత ఎక్కువ మోతాదులో ఇంకా ఎక్కువ పెరుగుదల కనిపించింది.

మెట్‌ఫార్మిన్ ఒక్కటే ఇచ్చినప్పుడు ఆయుష్షులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఎర్ర ద్రాక్షలో ఉండే రెస్వెరాట్రాల్ నెగ్గలేదు. గ్రీన్ టీ సారం, పసుపులోని కర్క్యుమిన్ కూడా నెగ్గలేదు. ఎన్ఏడీ పెంచే నికోటినమైడ్ రైబోసైడ్‌దీ అదే గతి. ఎవరూ పెద్దగా ఎదురుచూడని అకార్బోస్ అనే షుగర్ మందు మాత్రం మగ ఎలుకల్లో ఆయుష్షును 22 శాతం పెంచింది, ఆడవాటిలో 5 శాతమే. షుగర్ మందు కానాగ్లిఫ్లోజిన్ మగవాటిలో 14 శాతం పెంచి, ఆడవాటిలో ఏమీ చేయలేదు. "ఎలుకల్లో రుజువైంది" అని ఎవరైనా అంటే, ఏ ఎలుకల్లో, మగవాటిలోనా ఆడవాటిలోనా అని అడగాలి.

రాపమైసిన్: రుజువు బలమైనది, జాగ్రత్త అంతకంటే ఎక్కువ కావాలి

1964లో కెనడా నుంచి ఒక వైద్య బృందం పసిఫిక్ మహాసముద్రంలోని ఈస్టర్ ద్వీపానికి వెళ్లి, అక్కడి మట్టి కూడా తెచ్చింది. ఆ ద్వీపానికి స్థానికుల పేరు రాపా నుయి. ఆ మట్టిలోని బ్యాక్టీరియా నుంచి మాంట్రియల్‌లో సురేంద్రనాథ్ సెహగల్ ఈ మందును వేరుచేశాడు. కంపెనీ ఆ ల్యాబ్ మూసేసినప్పుడు ఆయన కొంత ఇంటికి తీసుకెళ్లి ఫ్రీజర్‌లో దాచాడు. ఆ పట్టుదల లేకపోతే ఈ కథే లేదు. 1991లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో మైకేల్ హాల్, జోసెఫ్ హైట్‌మన్, రావు మొవ్వ ఈస్ట్ కణాల్లో ఈ మందు పట్టుకునే గురిని కనిపెట్టారు. టార్ అన్న పేరు అక్కడే పుట్టింది. పైన చెప్పిన ఎంటార్ అదే, రాపమైసిన్ దాన్ని అణుస్తుంది. 1999లో అమెరికాలో కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్లకు అనుమతి వచ్చింది. మన దేశంలో సిరోలిమస్ పేరుతో డాక్టరు చీటీ మీద దొరుకుతుంది.

మనుషుల్లో ఆయుష్షు పెరిగిందని ఇంతవరకు రుజువు లేదు. ఉన్నవి చిన్న సూచనలు. 2014లో 65 దాటినవాళ్లకు దీని జాతికే చెందిన ఎవరోలిమస్ కొన్ని వారాలు ఇచ్చి ఆపేశాక, ఫ్లూ టీకాకు శరీరం స్పందించే తీరు దాదాపు 20 శాతం మెరుగైంది. ఆ ఆశతోనే ఇంకో ఎంటార్ మందుతో పెద్ద పరీక్ష పెట్టారు, 2019లో అది విఫలమైంది. ఆరోగ్యవంతులకు వారానికోసారి 5 లేదా 10 మిల్లీగ్రాములు 48 వారాలు ఇచ్చిన ఇంకో పరీక్షలో, ముఖ్యంగా కొలవాలనుకున్న కడుపులోని కొవ్వు తగ్గలేదు. 10 మిల్లీగ్రాములు వేసుకున్న ఆడవాళ్లలో కండ కొంచెం పెరిగింది.

నష్టాలు మాత్రం బాగా తెలిసినవే. నోటిపూత, కొలెస్ట్రాల్ పెరగడం, పుండ్లు ఆలస్యంగా మానడం, ఇన్ఫెక్షన్లు. మగవాళ్లలో వీర్యకణాలు తగ్గవచ్చు. రోజూ వేసుకుంటే ఎంటార్‌లోని రెండో భాగం కూడా దెబ్బతిని షుగర్ పెరుగుతుంది, వారానికోసారి వేసుకోవడం వెనుక ఉన్న ఆలోచన అదే. ఆయుష్షు కోసం కోట్లు ఖర్చుపెడుతున్న అమెరికా వ్యాపారవేత్త బ్రయాన్ జాన్సన్ కూడా చర్మపు ఇన్ఫెక్షన్లు, రక్తంలో కొవ్వు, షుగర్ పెరగడం వల్ల 2024లో దీన్ని ఆపేశానని బయటికి చెప్పాడు.

మన దగ్గర ఇంకో చిక్కుంది. ప్రపంచంలోని టీబీ కేసుల్లో నాలుగో వంతు మన దేశానివే. ఒంట్లో నిద్రాణంగా ఉన్న టీబీ, రోగనిరోధక శక్తిని తగ్గించే మందు పడితే లేచే ప్రమాదం ఉంది. టీబీ తక్కువగా ఉన్న దేశాల ఆరోగ్యవంతుల అనుభవాలు చదివి ఇక్కడ దాన్ని మొదలుపెట్టడం నాకు భయం కలిగిస్తుంది. క్లారిత్రోమైసిన్ లాంటి యాంటీబయాటిక్, కొన్ని ఫంగస్ మందులు, గ్రేప్‌ఫ్రూట్ రసం కూడా రక్తంలో ఈ మందు మోతాదును అమాంతం పెంచేస్తాయి. పరిశోధనా పరీక్షలో చేరే అవకాశం వస్తే అది వేరే సంగతి. సొంతంగా మాత్రం వద్దు.

మెట్‌ఫార్మిన్: బోర్డర్‌లో ఉన్నవాళ్లకు మంచి నేస్తం

గాలెగా అనే యూరప్ మొక్కలోని రసాయనం దీనికి మూలం. ఫ్రాన్స్‌లో జాన్ స్టెర్న్ 1957లో షుగర్ రోగులకు వాడి చూపించాడు. చాలా చవక, కోట్లమంది దశాబ్దాలుగా వాడుతున్నారు. 1998 నాటి బ్రిటన్ పరీక్షలో, బరువెక్కువున్న షుగర్ రోగుల్లో దీనివల్ల మరణాలు 36 శాతం తగ్గాయి. 2014లో బ్రిటన్‌లోనే ఇంకో పరిశీలన, మెట్‌ఫార్మిన్ వాడే షుగర్ రోగులు షుగర్ లేనివాళ్లకంటే ఎక్కువ కాలం బతుకుతున్నారని చెప్పింది. ఆయుష్షు మందు అన్న పేరు అక్కడినుంచే వ్యాపించింది. 2022లో డెన్మార్క్ లెక్కల్లో అదే విషయం మళ్లీ చూస్తే ఆ తేడా కనిపించలేదు. న్యూయార్క్‌లోని పరిశోధకుడు నీర్ బార్జిలాయ్ 65 నుంచి 79 ఏళ్ల 3,000 మందితో పెద్ద పరీక్ష చేయాలని ఏళ్లుగా ప్రయత్నిస్తున్నాడు. పేటెంట్ లేని మందు మీద డబ్బు పెట్టేవాళ్లు దొరకడం కష్టమైంది.

షుగర్ రాకుండా ఆపడంలో మాత్రం గట్టి రుజువుంది. అమెరికాలో 2002లో వచ్చిన ఫలితాల ప్రకారం షుగర్ వచ్చే అవకాశాన్ని మెట్‌ఫార్మిన్ 31 శాతం తగ్గిస్తే, నడక, ఆహార మార్పులు 58 శాతం తగ్గించాయి. 60 దాటినవాళ్లలో నడక, ఆహార మార్పుల మేలు 71 శాతానికి చేరింది, మెట్‌ఫార్మిన్ మేలు బాగా పడిపోయింది. ఆ అంకెలు చూసి మనవాళ్లకూ అలాగే ఉంటుందనుకోకూడదు. చెన్నైలో డాక్టర్ ఎ.రామచంద్రన్ బృందం చేసి 2006లో ప్రకటించిన పరీక్షలో, జీవనశైలి మార్పులు 28.5 శాతం, మెట్‌ఫార్మిన్ 26.4 శాతం తగ్గించాయి. రెండూ కలిపినా 28.2 శాతమే. అంటే మనవాళ్లలో రెండూ దాదాపు సమానం, కలిపితే అదనంగా ఒరిగేది లేదు. మార్పులు ఎంత చెప్పినా చేయలేని మనిషికి మాత్ర నిజమైన ప్రత్యామ్నాయమని దీన్నిబట్టి నాకనిపిస్తుంది. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

ఇక షుగర్ లేని, వ్యాయామం చేసే మనిషి సంగతి. 65 దాటినవాళ్లతో 14 వారాలు బరువులెత్తించిన ఒక పరీక్షలో, మెట్‌ఫార్మిన్ వేసుకున్నవాళ్లకు కండ తక్కువ పెరిగింది. ఏరోబిక్ వ్యాయామంతో కణంలో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాకు కలిగే మేలు కూడా కొంత తగ్గుతుందని ఇంకో పరీక్షలో కనిపించింది. చేతికందిన మేలును ఊహించిన మేలు కోసం వదులుకోవడం నాకు సబబుగా తోచదు. ఏళ్ల తరబడి వాడితే బీ12 తగ్గుతుంది, పాలు పెరుగు కూడా తక్కువ తీసుకునే శాకాహారులకు ఇది చిన్న విషయం కాదు. కాళ్ల తిమ్మిర్లను షుగర్ వల్లేనని వదిలేసి బీ12 చూపించుకోనివాళ్లు చాలామంది ఉంటారు. కిడ్నీ బాగా దెబ్బతిన్నవాళ్లు దీన్ని వాడకూడదు.

ఎన్‌ఎంఎన్, రెస్వెరాట్రాల్

వీటి మీద ఎక్కువ సమయం పెట్టను. ఎన్‌ఎంఎన్ రక్తంలో ఎన్ఏడీని పెంచుతుందన్నది నిజమే. దానివల్ల మనిషికి ఒరిగేది ఇంతవరకు చాలా తక్కువ. 2021లో షుగర్ బోర్డర్‌లో ఉన్న 25 మంది స్త్రీలకు పది వారాలు ఎన్‌ఎంఎన్ ఇస్తే కండల్లో ఇన్సులిన్ స్పందన మెరుగైంది కానీ బరువు, మూడు నెలల షుగర్ (హెచ్‌బీఏ1సీ) మారలేదు. రెస్వెరాట్రాల్ మీద నమ్మకంతో మందుల కంపెనీ గ్లాక్సో 2008లో సిర్‌ట్రిస్ అనే కంపెనీని 72 కోట్ల డాలర్లకు కొని, 2013లో మూసేసింది. పిల్లలు ప్రేమతో తెచ్చిన డబ్బాను కాదనడం కష్టమే. అయినా వచ్చేసారి ఆ డబ్బుతో అమ్మను ఆరునెలలు ఫిజియోథెరపీకి పంపమని చెప్పండి.

ఉపవాసం, తక్కువ తినడం

1935లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో క్లైవ్ మెకే తక్కువ తిన్న ఎలుకలు ఎక్కువ కాలం బతికాయని చూపినప్పటినుంచి ఇది నడుస్తోంది. కోతుల్లో విస్కాన్సిన్ పరీక్ష అవునంది, అమెరికా వృద్ధాప్య సంస్థ సొంత పరీక్ష కాదంది. తేడా చాలావరకు మేతలోనే ఉంది. విస్కాన్సిన్ కోతుల మేతలో చక్కెర ఎక్కువ, వాటిలో కడుపునిండా తిన్నవి బాగా లావెక్కాయి. చెడు తిండిని తగ్గిస్తే మేలు ఎక్కువ, ముందే మంచి తిండి తినేవాళ్లకు మేలు తక్కువ అని దాన్ని అర్థం చేసుకోవచ్చు.

మనుషుల్లో రెండేళ్లపాటు, ఊబకాయం లేని 218 మందితో చేసిన కాలరీ అనే పరీక్షలో, 25 శాతం తగ్గించమంటే వాళ్లు సుమారు 12 శాతం తగ్గించగలిగారు. అయినా బీపీ, కొలెస్ట్రాల్ మెరుగయ్యాయి, ముసలితనం వేగాన్ని అంచనావేసే ఒక డీఎన్ఏ కొలతలో 2 నుంచి 3 శాతం తగ్గుదల కనిపించింది. ఎముక సాంద్రత మాత్రం కొంచెం తగ్గింది. తినే గంటలను కుదించే పద్ధతి గురించి 2022లో చైనాలోని గ్వాంగ్‌జౌలో 139 మందిపై ఏడాదిపాటు చేసిన పరీక్షలో, కేలరీలు సమానంగా తగ్గిస్తే గంటల వల్ల అదనపు మేలు తేలలేదు. ఎనిమిది గంటల్లోనే తినాలన్న టెన్షన్ అక్కర్లేదు, మొత్తం మీద తక్కువ తినడానికి ఆ పద్ధతి సాయపడితే పాటించండి. ఏకాదశి నాడు అన్నం మానేసి సాయంత్రం నేతి ఉప్మా, అరటిపళ్లు, పాయసం కడుపునిండా తీసుకుంటే భక్తికి లోటు లేదు, ఇన్సులిన్‌కు మాత్రం ఆ రోజు సెలవు దొరకదు.

కొత్త షుగర్ మందులు

ఆయుష్షు మందుల చర్చలో వీటిపేరు తక్కువ వినిపించడం నాకు బాధ కలిగిస్తుంది, ఎందుకంటే మనుషుల ప్రాణాలు నిలిపినట్టు వీటికి గట్టి రుజువుంది. మూత్రంలో చక్కెరను బయటికి పంపే ఎంపాగ్లిఫ్లోజిన్, గుండెజబ్బు ఉన్న షుగర్ రోగుల్లో మొత్తం మరణాలను 32 శాతం తగ్గించిందని 2015లో తేలింది. గుండె వైఫల్యం, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు షుగర్ లేకపోయినా ఈ జాతి మందులు ఇస్తున్నారు. 2025 మార్చిలో పేటెంట్ ముగిశాక మన దేశంలో ఎంపాగ్లిఫ్లోజిన్ ధర బాగా పడిపోయింది. సెమాగ్లుటైడ్ ఇంజెక్షన్, షుగర్ లేకపోయినా అధిక బరువు, గుండెజబ్బు ఉన్న 17,604 మందిలో గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బు మరణాలను కలిపి 20 శాతం తగ్గించిందని 2023లో తేలింది. దీనివల్ల తగ్గే బరువులో కండ కూడా ఉంటుంది. ఈ జబ్బులేవీ లేనివాళ్లకు ఇవి ఆయుష్షు పెంచుతాయని ఎవరూ చూపలేదు.

మరి మీకు ఏది?

నడుము కొలత మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటి, మూడు నెలల షుగర్ 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే, తిండి తగ్గించడం మీకు బాగా నప్పుతుంది. అన్నం సగం చేసి పప్పు, కూర, గుడ్డు పెంచండి, రాత్రి భోజనం త్వరగా ముగించండి, తిన్నాక నడవండి. ఆరు నెలల్లో అంకె కదలకపోతే మెట్‌ఫార్మిన్ గురించి డాక్టరుతో మాట్లాడండి. ఈ వర్గంలో ఉన్నవాళ్లే ఎక్కువ. 2023లో వచ్చిన ఐసీఎంఆర్ సర్వే దేశంలో ఇలా బోర్డర్‌లో ఉన్నవాళ్లను 13.6 కోట్లుగా లెక్కగట్టింది.

షుగర్ ఇప్పటికే ఉంటే విడిగా ఆయుష్షు మందు వెతకనక్కర్లేదు. మీ షుగర్ మందునే సరిగా ఎంచుకోవడం మీ ఆయుష్షు మందు. గుండె, కిడ్నీ పరిస్థితిని బట్టి కొత్త మందు కలపాలా అని అడగండి.

ముప్పైల్లో, నలభైల్లో ఉండి, సన్నగా, వ్యాయామం చేస్తూ, రిపోర్టులన్నీ బాగుంటే ఏదీ వద్దు. పిల్లల కోసం ప్రయత్నిస్తున్నవాళ్లు, గర్భిణులు సిరోలిమస్ జోలికి అసలు పోకూడదు.

అన్నిటికంటే ఎక్కువ జాగ్రత్త కావలసింది 65 దాటి, బరువు తగ్గుతూ, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవలేని పెద్దవాళ్లకు. వీళ్లకు ఉపవాసం వద్దు, ఎన్‌ఎంఎన్ అనవసరం, రాపమైసిన్ ప్రమాదం. షుగర్ కోసం అవసరమైతేనే మెట్‌ఫార్మిన్. 2014లో అమెరికా పోషకాహార సర్వే లెక్కలు చూసిన ఒక అధ్యయనంలో, 50 నుంచి 65 ఏళ్లవాళ్లలో మాంసకృత్తులు ఎక్కువ తిన్నవాళ్లకు మరణాలు ఎక్కువగా ఉంటే, 65 దాటాక సరిగ్గా తలకిందులైంది, తక్కువ తిన్నవాళ్లకే నష్టం. అది పరిశీలన మాత్రమే అయినా, ఎంటార్ గురించి తెలిసినదానితో సరిపోతుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పెద్దలకు రోజుకు కిలో బరువుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు చెబుతుంది. వయసు పైబడినవాళ్లకు 1 నుంచి 1.2 గ్రాములు కావాలని చాలామంది నిపుణులు అంటారు, కిడ్నీ జబ్బు ఉంటే తప్ప. మన ఇళ్లలో ముసలివాళ్లు రాత్రిపూట కాస్త మజ్జిగన్నంతో సరిపెడతారు. ఆ కంచంలో ఒక గుడ్డో, గిన్నెడు ముద్దపప్పో, పనీరో చేరడం, వారానికి రెండు మూడుసార్లు లేచి కూర్చునే వ్యాయామం చేయించడం వాళ్లకు మాత్రలన్నిటికంటే ముందు జరగాలి.

ఇప్పటికే వీటిలో ఏదైనా వాడుతున్నవాళ్లు ఆ సంగతి దాచకండి. పన్ను పీకించుకోవాలన్నా, ఆపరేషన్ అన్నా, సిరోలిమస్ వాడుతున్నట్టు ముందే చెప్పాలి, పుండు మానదు కాబట్టి. ఎంపాగ్లిఫ్లోజిన్ జాతి మందులను ఆపరేషన్‌కు మూడు రోజుల ముందే ఆపిస్తారు. వాటిని వేసుకుంటూ పూర్తి ఉపవాసం చేస్తే రక్తంలో కీటోన్లు అనే ఆమ్లాలు ప్రమాదకరంగా పెరగవచ్చు, షుగర్ మామూలుగానే చూపిస్తున్నా సరే. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వస్తే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లి, వాడుతున్న మందు చీటీ చూపించండి.